పదమూడు సెంటీమీటర్ల దారి

హడర్స్‌ఫీల్డ్‌లో అక్టోబరు.
వ్యాను వెనక చచ్చిన ఫ్రిజ్ ఒకటి
తలుపూడి, నోరు తెరుచుకుని పడుంది.
ఇరవై రెండేళ్లుగా చల్లపెట్టెలకు ప్రాణం పోసేవాణ్ణి.
పోయలేకపోతే విప్పి దాచుకుంటాను
సొరుగులు, అరలు, రబ్బరు పట్టీలు, ఒక్కో మరా.
"ఇల్లా, పాతసామాన్ల కొట్టా?" అంటుంది హైమవతి.

కూరగాయల సొరుగు బోర్లించి
ఒక పక్క వాకిలి కోశాను.
వీపు గీసుకోకుండా అంచుకి సైకిల్ ట్యూబు,
పైన అరిగిపోయిన కాళ్లపట్టా, దానిమీద మట్టి, ఎండుటాకులు.
ఎవరికంటే
సరైన పేరు నాకు దొరకలేదు.
ముళ్లపంది అంటే మా కొండల్లో ఏదుపందే గుర్తొస్తుంది.
ఇది బోర్లించిన కొబ్బరిచిప్పంత.
జలుబు చేసిన గుమస్తాలా
తడిముక్కుతో ఆకాకూ తిరగేస్తూ
ఏ కాగితమో వెతుక్కుంటుంది.

మొదట దిగింది సాలీడు. అద్దె ఇవ్వలేదు.
తర్వాత కప్ప.
కొత్తల్లుడిలా నడిమధ్య కూర్చుని
ఎంత పలకరించినా గొంతు ఆడించి ఊరుకుంది.
పిట్టలకని పాలడబ్బాకి కిటికీలు కోసి వేలాడదీస్తే
ఉడత గింజలు ముట్టలేదు, డబ్బానే ఎత్తుకుపోయింది.

హైమవతి చిరిగిన మేజోడు ఇచ్చింది
"పారేస్తే ఏడుస్తావుగా" అంటూ.
దాన్నిండా పోద్దామని కొట్లో కొన్న నల్లగింజలు
అరచేతిలో ఒంపుకుని చూద్దునుగదా,
వలిసెలు!
పాడేరు దారిలో కొండవాలంతా
పసుపుచీర ఆరేసినట్టు పూసే వలిసెలు.
మా మేనత్త గానుగాడించిన నూనె వాసన
యార్క్‌షైర్ వానలో కాసేపు నిలబడింది.
మర్నాడు ఎర్రమొహం పిట్టొకటి
మేజోడు మడమ దగ్గర వేలాడుతూ తింటోంది,
రెక్క మీద అదే పసుపు.

ముళ్లది మాత్రం రాలేదు.

రాత్రి పదకొండింటికి కంచె అవతల
గరగరమని చప్పుడు.
టార్చి వేస్తే పలకసందులో తడిముక్కు.
అవతల ఎనిడ్ థాక్రే.
గాలివానకు కూలిన కంచె తిరిగి నిలబెట్టినప్పుడు
నాలుగంగుళాలు తనవైపు జరిపానని
రెండేళ్లుగా మాటల్లేవు.
చెత్తబుట్టలు బయట పెట్టేటప్పుడు కూడా
ఇద్దరం ఆకాశం చూస్తాం.

తెల్లారి వెళ్లి తలుపు తట్టాను.
గొలుసు తియ్యకుండానే విన్నది.
దారి కావాలి. నాక్కాదు.
కంచె అడుగున చిన్న కంత, పదమూడు సెంటీమీటర్లు.
ఎక్కువైతే కుక్క దూరుతుంది, తక్కువైతే అది ఇరుక్కుంటుంది.
తలుపు మూసేసింది.
అయిపోయిందనుకుని మెట్లు దిగుతుంటే
గొలుసు జారిన చప్పుడు.

తన పెరట్లోకి తీసుకెళ్లింది.
డేలియా మొక్కల వెనక
బోర్లించిన గిన్నెల టబ్బు, ముందు రెండు ఇటుకలు,
లోపల చించిన పాత వార్తాపత్రికలు.
మూడు శరదృతువులుగా ఆవిడా కట్టుకుంటూనే ఉంది.
"మీవైపే కాపురముందనుకున్నాను" అంది.
నేనూ అదే అనుకున్నాను.

భర్త రంపం తెచ్చింది, తుప్పుపట్టింది.
కుట్టుపని టేపు పట్టుకుని వంగి కొలిచింది.
మోకాళ్లు టప్పున చప్పుడు చేశాయి.
"అయిదంగుళాలు" అని గట్టిగా చదివి
నా మొహంలోకి చూసింది.
"నాలుగు అసలు. ఒకటి వడ్డీ."
నవ్వాలో వద్దో తెలియక
నేను రంపం లాగుతూ పోయాను.
పొట్టు ఇద్దరి చెప్పుల మీదా రాలింది.

ఆ సాయంత్రం కంతకి అడ్డంగా
హైమవతి దారప్పోగు ఒకటి కట్టింది.
పొద్దున్నే లేచి చూస్తే తెగిపోయి ఉంది.
కప్ప ఇంకా సొరుగులోనే ఉంది.
ఎనిడ్ గౌను మీదే బయటికొచ్చి
అవతలనించి వంగి చూస్తోంది.
ఇటునించి అటు వెళ్లిందో
అటునించి ఇటు వచ్చిందో
దారం చెప్పదు.